క్యాన్ బృందం ‘సౌండ్‌ట్రాక్స్’ ఆల్బమ్: సినిమాలు చూడకుండా వినవచ్చునా?

మిద్దెగది, కర్నూలు

అందరికీ నమస్కారం. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో మా ఇల్లు ఉంది. మిద్దె మీద వాడకుండా వదిలేసిన ఒక గదిని శుభ్రం చేయించి, నెలకొక ఆదివారం సాయంత్రం పదిమందిమి అక్కడ చేరి, ఒక ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో మాట్లాడుకోకుండా వింటున్నాము. ఏడాదిన్నరగా ఈ అలవాటు తప్పకుండా సాగుతోంది. వచ్చేవారిలో ఇద్దరు బడి ఉపాధ్యాయులు, ఒక మందుల అంగడి యజమాని, డిగ్రీ చదువుతున్న నలుగురు పిల్లలు, పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆ పెద్దాయన వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవారు. మా అందరి చెవులకన్నా ఆయన చెవి పదునైనది.

వచ్చే నెలకు జర్మనీకి చెందిన క్యాన్ అనే రాక్ బృందం 1970లో విడుదల చేసిన ‘సౌండ్‌ట్రాక్స్’ ఆల్బమ్‌ను ఎంచుకున్నాను. ఐదు వేర్వేరు సినిమాలకు వారు చేసిన సంగీతంలో నుంచి ఏరిన ఏడు భాగాలు దీనిలో ఉన్నాయి. మొత్తం నిడివి 35 నిమిషాలు. ఎల్పీ మొదటి పక్కన ఐదు భాగాలు ఉంటే, రెండవ పక్కన ఉన్నవి రెండే. ఆ రెండింటిలో ‘మదర్ స్కై’ ఒక్కటే పద్నాలుగున్నర నిమిషాలు సాగుతుంది. నేను ఈ ఆల్బమ్‌ను పదేళ్ళుగా వింటున్నాను. ఆ ఐదు సినిమాలలో ఒక్కటీ చూడలేదు.

ఈ సంగతి చెప్పగానే పెద్దాయన అభ్యంతరం తెలిపారు. “సినిమా చూడకుండా దాని రీరికార్డింగు వినడమంటే, పెళ్ళి జరగని పందిట్లో కూర్చుని మేళం వినడమే కదా నాయనా. తాళి కట్టే వేళ గట్టిమేళం ఎందుకు మోగిందో ఆ తాళి కనిపించకపోతే నీకు ఎట్లా తెలుస్తుంది?” అని అడిగారు. ఆ మాటకు నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. ఆయన చెప్పినదానిలో న్యాయం ఉంది. మనకు సినిమా సంగీతమంటే మొదటి నుంచి రెండు వేర్వేరు వస్తువులు. పాటలు సినిమాకన్నా ముందే క్యాసెట్‌గా ఇంటికి వచ్చి, సినిమా ఆడినా ఆడకపోయినా రేడియోలో, పెళ్ళిళ్ళలో, బస్సుల్లో తమ బతుకు తాము బతికేవి. రీరికార్డింగు మాత్రం థియేటరు చీకటిలోనే ఉండిపోయేది. దానిని విడిగా వినాలన్న కోరిక కూడా చాలామందికి కలిగేది కాదు. క్యాన్ ఆల్బమ్ ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా చెందదు. దానిలో గొంతు ఉంది, మాటలు ఉన్నాయి, కానీ అవి మన అర్థంలో పాటలు కావు. నేపథ్యంలో నడవడానికి చేసిన సంగీతమే, కానీ నేపథ్యంలో ఒదిగి కూర్చునే స్వభావం దానికి లేదు.

కాబట్టి తెలిసినవారిని అడుగుతున్నాను. ముందు సినిమా చూపించి తరువాత ఆల్బమ్ వినిపించడం మంచిదా, లేక ఆల్బమ్‌నే నేరుగా వినిపించవచ్చునా? వినిపించేటట్లయితే మొదటి పక్కతో మొదలుపెట్టాలా, ‘మదర్ స్కై’తో మొదలుపెట్టాలా? సినిమా పాటలతో పెరిగిన చెవులకు దీనిని పరిచయం చేసేటప్పుడు ఏమి చెప్పాలి, ఏమి చెప్పకుండా వదిలేయాలి?

టేపురికార్డరు, ఆదోని

మిద్దెగది గారికి నమస్కారం. పెద్దాయన అభ్యంతరం చాలా విలువైనది, సాధారణంగా సినిమా సంగీతం విషయంలో నేనూ ఆయన పక్షమే వహిస్తాను. అయితే ఈ ఒక్క ఆల్బమ్ విషయంలో ఆ అభ్యంతరం నిలవదని నా అభిప్రాయం. దానికి కారణం ఈ సంగీతం తయారైన పద్ధతిలోనే ఉంది.

మనకు బాగా తెలిసిన రీరికార్డింగు పద్ధతి ఇళయరాజా గారిది. ఆయన రీలు చూసి, ఏ వాయిద్యమూ ముట్టుకోకుండా నేరుగా కాగితం మీద స్వరలిపి రాసి వాద్యకారులకు అందిస్తారు. బొమ్మను చూసిన కన్ను, సంగీతాన్ని రాసిన చెయ్యి ఒక్కరివే. క్యాన్ బృందం పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంటుంది. బృందంలో సినిమాను చూసేది కీబోర్డు వాయించే ఇర్మిన్ ష్మిట్ ఒక్కరే. ఆయన తిరిగి వచ్చి, ఆ దృశ్యంలో ఏమి జరుగుతున్నది, దానిలో ఏ భావం ఉన్నది అని మిగిలినవారికి మాటల్లో చెప్పేవారు. మిగిలినవారు ఆ మాటలను పట్టుకుని గంటల తరబడి వాయించేవారు. బాస్ గిటారు వాయించే హోల్గర్ చుకాయ్ ఆ టేపులను కోసి, అతికించి, కావలసిన నిడివికి తెచ్చేవారు. అంటే డోలు వాయించిన యాకి లీబెట్సైట్‌కు గానీ, గిటారు వాయించిన మిఖాయెల్ కరోలికి గానీ, పాడినవారికి గానీ కళ్ళ ముందు బొమ్మ లేదు. వారికి ఉన్నది ఒక మనిషి చెప్పిన కథ మాత్రమే. హరికథలో దాసుగారు సీతమ్మ స్వయంవరం చెబుతుంటే మనం విల్లును ఎట్లా చూస్తామో, వారు ఆ సినిమాలను అట్లా చూశారు.

ఈ సంగతి తెలిసిన తరువాత నాకు ఆల్బమ్ వినడంలో ఉన్న సంకోచం పోయింది. బొమ్మ చూడకుండా వినే మనం, బొమ్మ చూడకుండా వాయించిన వారి పక్కనే కూర్చున్నట్లు అవుతాము. పెద్దాయనకు ఈ ఒక్క విషయం ముందుగా చెప్పండి. మేళగాళ్ళు పందిరి బయట, గోడకు అవతల కూర్చుని వాయించారు. లోపల జరుగుతున్నది ఒకరు వచ్చి చెవిలో చెబుతున్నారు. ఆ మాటను బట్టి గట్టిమేళం ఎత్తుకున్నారు. అటువంటి మేళాన్ని గోడకు అవతలి నుంచే వినడంలో తప్పేమీ లేదు.

బృందం గురించి రెండు మాటలు చెప్పడం అవసరం. క్యాన్ 1968లో కొలోన్ నగరంలో ఏర్పడింది. ష్మిట్, చుకాయ్ ఇద్దరూ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదువుకుని, జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ దగ్గర శిష్యరికం చేసినవారు. లీబెట్సైట్ ఫ్రీ జాజ్ నుంచి వచ్చారు. కరోలి వీరందరికన్నా చిన్నవాడు, చుకాయ్ దగ్గర గిటారు నేర్చుకున్న విద్యార్థి. నోర్వెనిష్ అనే ఊరిలోని ఒక పాత కోటలో వారి స్టూడియో ఉండేది. రెండు ట్రాకుల టేపు మీద ముద్రించుకునేవారు కాబట్టి, తరువాత ఒక్కొక్క వాయిద్యాన్ని విడిగా సరిదిద్దే అవకాశం ఉండేది కాదు. అందరూ ఒకే గదిలో, ఒకే సమయంలో, ఒకరినొకరు వింటూ వాయించవలసిందే. ఈ ఆల్బమ్‌లో మీకు వినిపించే దగ్గరితనం అందువల్ల వచ్చినదే.

మరొక ముఖ్యమైన సంగతి గొంతుల విషయం. ఏడు భాగాలలో ‘సోల్ డెజర్ట్’, ‘షి బ్రింగ్స్ ద రెయిన్’ అనే రెండింటిని పాడినది మాల్కమ్ మూనీ అనే అమెరికన్. ఆయన ఆరోగ్యం దెబ్బతిని స్వదేశానికి వెళ్ళిపోయిన తరువాత, 1970 మే నెలలో మ్యూనిక్ వీధిలో పాడుతున్న డామో సుజుకి అనే జపాన్ యువకుడు చుకాయ్, లీబెట్సైట్‌ల కంట పడ్డాడు. ఆ సాయంత్రమే అతడు వారితో కలిసి వేదిక ఎక్కాడు. మిగిలిన భాగాలలో ఎక్కడ గొంతు వినిపించినా అది అతనిదే. ఒక గాయకుడు వెళ్ళిపోవడం, మరొకడు రావడం ఈ 35 నిమిషాలలోనే జరిగిపోతాయి. సినిమాల కథలకన్నా ఈ కథను చెప్పడమే మీ శ్రోతలకు ఎక్కువ ఉపకరిస్తుందని నేను అనుకుంటున్నాను.

వరుస విషయంలో నా సలహా ‘మదర్ స్కై’తో మొదలుపెట్టమని. మొదటి పక్కన ఉన్న ‘డెడ్‌లాక్’ భాగాలు ఎడారిలో తీసిన ఒక నేర కథా చిత్రానికి చేసినవి. బాగుంటాయి, కానీ చిన్నవి, ఒకదాని వెంట ఒకటి త్వరగా మారిపోతాయి. కొత్తవారికి బృందం అసలు బలం వెంటనే తెలియాలంటే పెద్ద భాగమే ముందు వినాలి.

పెన్నేరు, కడప

టేపురికార్డరు గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు. కానీ వాటి నుంచి ఆయన తీసిన తీర్పుతో నేను ఏకీభవించలేకపోతున్నాను. వాయించినవారు బొమ్మ చూడలేదన్నది నిజమే. అయితే ఆ సంగీతాన్ని తీసుకుని బొమ్మ కింద పెట్టిన దర్శకుడు రెండింటినీ చూశాడు, విన్నాడు. సినిమా సంగీతం వాయించడంతో పూర్తి కాదు. ఎక్కడ మొదలు కావాలి, ఎక్కడ ఆగాలి అని నిర్ణయించినప్పుడు పూర్తవుతుంది.

‘మదర్ స్కై’నే తీసుకోండి. పోలండ్ దర్శకుడు యెర్జీ స్కోలిమోవ్‌స్కీ తీసిన ‘డీప్ ఎండ్’ సినిమాలో, లండన్‌లోని ఒక స్నానశాలలో పనిచేసే పదిహేనేళ్ళ కుర్రవాడు, తాను ఇష్టపడిన అమ్మాయి కోసం రాత్రివేళ సోహో వీధుల్లో అటూ ఇటూ తిరిగే ఘట్టంలో ఆ సంగీతం నడుస్తుంది. వాడు ఎక్కడికీ చేరడు. తిరిగిన వీధే తిరుగుతాడు. ఆ డోలు ఆగకుండా అదే నడకలో ఎందుకు సాగుతున్నదో ఆ కుర్రవాడి కాళ్ళను చూసినప్పుడు నాకు అర్థమైంది. అంతకు ముందు ఆ భాగాన్ని ఎన్నోసార్లు విన్నాను, ఉత్సాహం కలిగించే సంగీతమనే అనుకున్నాను. సినిమా చూసిన తరువాత దానిలో ఉన్న దిక్కుతోచనితనం వినిపించింది. ఆ సినిమా పెద్దలకు ఉద్దేశించినది కాబట్టి మీ గదిలో ఎవరు కూర్చుంటారో చూసుకుని నిర్ణయించుకోండి. కానీ చూపించగలిగితే చూపించాలనే నేను అంటాను.

బొమ్మను, సంగీతాన్ని విడదీయలేమన్న మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం క్యాన్ పుట్టిన జర్మనీలోనే, అదే కాలంలో ఉంది. వెర్నర్ హెర్జోగ్ 1972లో తీసిన ‘అగిర్రే’ సినిమాకు పోపోల్ వూ బృందం సంగీతం చేసింది. ఆ బృందానికి ప్రాణం ఫ్లోరియన్ ఫ్రిక్కె. మనుషుల గొంతులను ముందుగా టేపుల మీద ముద్రించి, మెట్టు నొక్కినప్పుడు పలికించే ఒక వాయిద్యాన్ని ఆయన వాడారు. ఆ ధ్వని మనిషి గొంతులాగా ఉంటుంది గానీ ఊపిరి తీసుకోదు. సినిమా మొదట్లో ఆండీస్ కొండల నిటారైన దారిలో, మబ్బుల మధ్య నుంచి, చీమలబారులాగా సైనికులు, బానిసలు, లామాలు దిగి వస్తుంటే ఆ ధ్వని మొదలవుతుంది. మా జిల్లాలో గండికోట లోయ అంచున, పెన్న అంత లోతున సన్నగా కనిపించే చోట నిలబడినవారికి ఆ దృశ్యంలోని కొలత వెంటనే తెలుస్తుంది: కొండ ఎంత, మనిషి ఎంత అన్నది. ఆ కొలతే ఆ సంగీతం. ఆల్బమ్ 1975లో వచ్చింది. దానిలో సినిమా ఇతివృత్త సంగీతం రెండు భాగాలకే పరిమితం, మిగిలినది బృందం విడిగా చేసుకున్నది. నేను ఆల్బమ్ విన్న ప్రతిసారీ ఆ రెండు భాగాల దగ్గర కొండలు కనిపిస్తాయి, మిగిలిన చోట్ల కనిపించవు. సినిమా సంగీతానికీ విడి సంగీతానికీ ఉన్న తేడా ఒకే ఆల్బమ్‌లో ఇంత స్పష్టంగా తెలిసే చోటు మరొకటి నాకు తెలియదు. మీ పెద్దాయనకు ఇది తప్పకుండా నచ్చుతుంది.

ఇంకొక మాట, సంగీతానికి సంబంధించినదే. మీ మిద్దెగదికి నేల కడప బండలదైతే, గోడలు ఖాళీగా ఉంటే, ధ్వని బండ మీద తగిలి తిరిగి లేస్తుంది. ఈ ఆల్బమ్‌లో డోలు, బాస్ రెండూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని నడుస్తాయి. గది మోగితే ఆ అల్లిక చెదిరిపోయి ఒట్టి మోతగా మిగులుతుంది. నేలంతా జంపఖానా పరిచి, స్పీకర్లకు ఎదురు గోడకు రెండు పాత పరుపులు నిలబెట్టండి. క్యాన్ బృందం 1971 చివరలో తమ స్టూడియోను ఒక పాత సినిమా హాలులోకి మార్చినప్పుడు, దాని గోడల నిండా సైన్యం వాడి వదిలేసిన పరుపులనే వేలాడదీశారు.

చెక్కభజన, అనంతపురం

నేను రికార్డులు సేకరించేవాడిని కాను. మా ఊరి చెక్కభజన బృందంలో ఇరవై ఏళ్ళు అడుగు వేసినవాడిని. మా అబ్బాయి ఫోనులో ఈ ఆల్బమ్ వినిపించగా విన్నాను కాబట్టి, తాళానికి సంబంధించి నాకు తోచినది రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు సరిదిద్దగలరు.

కొత్తవారికి దీనిని ఎట్లా పరిచయం చేయాలని మిద్దెగది గారు అడిగారు. రాక్ సంగీతం అనే మాటతో మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే మనవారు గట్టిగా అరవడం, గిటారు విరగ్గొట్టడం ఊహించుకుంటారు. దానికి బదులు, మీ శ్రోతలు ఎప్పుడైనా జాతరలో ఉరుముల మేళం విన్నారా అని అడగండి. మా అనంతపురం జిల్లాలో గ్రామదేవతల కొలుపులలో ఉరుములు వాయిస్తారు. ఒక పక్క పుల్లతో కొడుతూ, రెండవ పక్క వంకీ పుల్లతో చర్మాన్ని రాస్తే మేఘం గర్జించినట్టు మూలుగు వస్తుంది. అది పాటకు తోడుగా వాయించేది కాదు, అదే పాట. గంట సేపు ఒకే నడక సాగినా ఎవరూ విసుగుపడరు, ఎందుకంటే నడక మారకపోయినా వినే మనిషి మారుతూ ఉంటాడు. మొదటి పది నిమిషాలు చెవితో వింటాము. తరువాత కాళ్ళతో వింటాము. ఆ తరువాత ఎక్కడ వింటున్నామో చెప్పడం కష్టం.

లీబెట్సైట్ గారి వాయింపు నాకు అట్లాగే వినిపించింది. ఆయన ఫ్రీ జాజ్ నుంచి వచ్చారని టేపురికార్డరు గారు రాశారు. మా అబ్బాయి ఆ తరహా సంగీతం కూడా కొంత వినిపించాడు. దానిలో తాళం ఒకచోట నిలవదు, ఎవరి దారి వారిది. అటువంటి చోట నుంచి వచ్చిన మనిషి, అన్నీ వాయించగలిగి కూడా, ఒకే నడకను పట్టుకుని కదలకుండా కూర్చోవడం చిన్న విషయం కాదు. చెక్కభజనలో కొత్తగా చేరిన పిల్లవాడు ప్రతి ఆవృత్తానికీ ఏదో ఒక కొత్త చప్పుడు చేర్చాలని చూస్తాడు. గురువు వాడి చేతిలో చెక్కలు పట్టుకుని ఆపుతాడు. ఏమీ చేర్చకుండా ఉండడం నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఒక తేడా ఉంది, దానిని దాచకూడదు. చెక్కభజనలో అడుగు నెమ్మదిగా మొదలై, గురువు కేకతో వేగం పెరిగి, చివరికి అందరూ ఒక్కసారిగా ఆగుతారు. ‘మదర్ స్కై’ ఆ వరుసలో నడవదు. మొదలు కావడమే నడుమ నుంచి మొదలవుతుంది. గిటారు అప్పటికే మండుతూ ఉంటుంది, మనం ఆలస్యంగా వచ్చి తలుపు తీసినట్లు ఉంటుంది. తరువాత ఒక్కసారిగా అంతా తగ్గి, ఆ జపాన్ అబ్బాయి గొంతు వినిపిస్తుంది. వేడి ముందు, నెమ్మది తరువాత. చుకాయ్ గారు టేపు కోసి అతికించడం వల్లనే ఇట్లా మొదలుపెట్టగలిగారని నేను అనుకుంటున్నాను, ఎందుకంటే మనుషులు కూర్చుని వాయించేటప్పుడు ఎవరూ అక్కడ మొదలుపెట్టరు.

వరుస మాత్రం మార్చకండి. ఈ ఒక్క విషయంలో టేపురికార్డరు గారి మాటకు అడ్డం చెబుతున్నందుకు మన్నించాలి. పద్నాలుగున్నర నిమిషాల ‘మదర్ స్కై’ ముగిసిన తరువాత, జాజ్ ఛాయలో, తొందర లేకుండా, ‘షి బ్రింగ్స్ ద రెయిన్’ వస్తుంది. ఆమె వానను తెస్తుందని దాని అర్థమని మా అబ్బాయి చెప్పాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే జిల్లాలో పుట్టినవాడిని నేను. వేరుసెనగ వేసి ఆకాశం వైపు చూసిన ఏడాదులు నాకు లెక్కలేదు. అంత పెద్ద ‘ఆకాశం’ తరువాత ఆ ‘వాన’ను వినిపించిన వరుసను మీరు తారుమారు చేస్తే నాకు బాధ కలుగుతుంది. అది సినిమా కోసం చేసిన వరుస కాదు, ఎందుకంటే ఆ రెండూ వేర్వేరు సినిమాలవి. ఆల్బమ్ కోసం, వినేవారి కోసం ఆ బృందమే ఆలోచించి పేర్చిన వరుస అది. ఆల్బమ్‌ను సినిమా లేకుండా వినవచ్చునా అన్న ప్రశ్నకు నా సమాధానం కూడా ఆ వరుసలోనే ఉంది.

రెండవసంవత్సరం, కర్నూలు

మిద్దెగది గారు చెప్పిన నలుగురు డిగ్రీ విద్యార్థులలో నేనొకడిని. పెద్దలు అనుమతిస్తే ఒక ప్రశ్న అడుగుతాను. మా స్నేహితులకు ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పేరు తెలుసు. వారు కూడా ‘ఆబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్’ అనే ఆల్బమ్‌ను ఒక సినిమాకే చేశారు కదా. తెలిసిన పేరుతో మొదలుపెట్టి తరువాత క్యాన్ దగ్గరకు రావడం సులభం కాదా?

టేపురికార్డరు, ఆదోని

బాబూ, నీ ప్రశ్న సరైనదే. ఆ ఆల్బమ్ 1972 జూన్‌లో వచ్చింది. బార్బే ష్రోడర్ అనే దర్శకుడు న్యూగినీ నేపథ్యంలో తీసిన సినిమాకు, పారిస్ దగ్గర ఒక పాత భవనంలోని స్టూడియోలో, జపాన్ పర్యటనకు ముందు కొన్ని రోజులు, తరువాత కొన్ని రోజులు కూర్చుని చేశారు. అదే దర్శకుని ‘మోర్’ సినిమాకు 1969లో చేసినప్పుడు, బొమ్మతో సరిపోల్చుకునే యంత్రాలు అందుబాటులో లేక, తెర ముందు కూర్చుని స్టాప్‌వాచ్‌తో దృశ్యాల నిడివి కొలుచుకుని, ఆ లెక్కను పట్టుకుని స్టూడియోకు వెళ్ళారు. వారు కొలిచి చేశారు, క్యాన్ విని చేశారు. అందుకే పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లో చక్కగా ముగిసే చిన్న పాటలు ఎక్కువ. విడిగా విన్నా ఏ ఇబ్బందీ ఉండదు. కానీ అది విన్నవారికి మీ పెద్దాయన వేసిన ప్రశ్న తట్టదు. క్యాన్ విన్నవారికి తట్టి తీరుతుంది. కాబట్టి సులభమైనది ముందు వినాలన్న నియమం ఇక్కడ పెట్టుకోవద్దు.

పెన్నేరు గారికి ఒక మాట. మీరు ‘డీప్ ఎండ్’ గురించి రాసినది చదివి, ఆ ఘట్టాన్ని నేను మళ్ళీ చూశాను. ఆ కుర్రవాడి తిరుగుడు, ఆ డోలు నడక ఒకటేనన్న మీ మాట నిజం. నేను దానిని ఇన్నాళ్ళూ గమనించలేదు. అయినా మరొక సంగతి కూడా నిజం. ‘షి బ్రింగ్స్ ద రెయిన్’ను తొమస్ షమోనీ తీసిన జర్మన్ సినిమాకు చేశారు. నలభై ఏళ్ళ తరువాత, 2010లో, ట్రాన్ అన్ హుంగ్ అనే దర్శకుడు 1960ల జపాన్ నేపథ్యంలో తీసిన ‘నార్వీజియన్ వుడ్’ సినిమాలో అదే పాటను వాడుకున్నాడు. అక్కడ కూడా అది ఆ సినిమా కోసమే చేసినట్లు వినిపిస్తుంది. ఒక ఇంటి ఆడపడుచు మరొక ఇంటికి వెళ్ళి అక్కడి మనిషి కావడం లాంటిదే ఇది. పుట్టిన సినిమాను చూడడం మేలే. చూడకపోతే ఆ సంగీతం దిక్కులేనిది కాదు.

చెక్కభజన గారు వరుస గురించి చెప్పిన తరువాత నా సలహాను వెనక్కు తీసుకుంటున్నాను. మొదటి పక్క నుంచే వినిపించండి.

మిద్దెగది, కర్నూలు

అందరికీ కృతజ్ఞతలు. మొన్నటి ఆదివారం వినిపించాము. ఏమి జరిగిందో రాయకపోతే మీ శ్రమకు న్యాయం చేసినట్లు కాదు.

మా గదికి నిజంగానే కడప బండల నేల ఉంది. పెన్నేరు గారు చెప్పినట్లు రెండు జంపఖానాలు పరిచి, మూడు పరుపులు గోడకు నిలబెట్టాము. ఇంతకాలం మేము విన్న ఆల్బమ్‌లన్నింటినీ మళ్ళీ వినవలసి ఉంటుందేమో అనిపించింది. అంత తేడా వచ్చింది. సినిమా చూపించలేదు. ష్మిట్ ఒక్కరే చూసి వచ్చి మిగిలినవారికి చెప్పేవారన్న సంగతి, గాయకులు మారిన సంగతి, ఆ రెండే చెప్పాను. సినిమాల కథలు చెప్పలేదు. ఉరుముల మేళం ప్రస్తావన తెచ్చినప్పుడు, మందుల అంగడి మిత్రుడు తన చిన్నతనంలో అమ్మమ్మ గారి ఊరి కొలుపులో దానిని విన్నానని చెప్పి, మొదటి వరుసలోకి వచ్చి కూర్చున్నాడు.

మొదటి పక్క ముగిసేసరికి గదిలో కొంత అసహనం కనిపించింది. ‘సోల్ డెజర్ట్’లో మూనీ గొంతు బొంగురుపోయి ఒకే మాట దగ్గర కొట్టుకుంటూ ఉంటే, ఒక ఉపాధ్యాయుడు లేచి నీళ్ళు తాగి వచ్చారు. పక్క మార్చడానికి రెండు నిమిషాలు తీసుకున్నాను, ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తరువాత ‘మదర్ స్కై’ మొదలైంది.

పెద్దాయన మొదటి నుంచి మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉన్నారు. ఏడవ నిమిషమో ఎనిమిదవ నిమిషమో అయి ఉంటుంది, వేళ్ళు ఆపి కళ్ళు మూసుకున్నారు. అంతా అయిపోయి, వాన పాట కూడా ముగిసి, దీపం వేసిన తరువాత ఆయన చెప్పిన మాటను ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను. “ఆ డోలాయన ఎక్కడా ముక్తాయింపు ఇవ్వలేదు నాయనా. ఇస్తాడు, ఇస్తాడని చూశాను. నాటకంలో పద్యం అయిపోతే హార్మోనియం మీద ముక్తాయి వేసి నిలపాలి, లేకపోతే తెర వెనక ఉన్నవాడికి తన వంతు వచ్చిందని తెలియదు. ఈయనకు తెర వెనక ఎవరూ లేరు. ఎవరికీ సైగ చెయ్యవలసిన పని లేదు. అందుకే ఇవ్వలేదు.” కొంచెం ఆగి, తాను గట్టిమేళం అన్న మాట ఈ సంగీతానికి వర్తించదని, గట్టిమేళమంటే సైగ అని, ఇది సైగ కాదని అన్నారు. నేను పదేళ్ళుగా వింటున్న ఆల్బమ్‌లో ఈ విషయం నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

వచ్చే నెలకు ‘అగిర్రే’ నిర్ణయించాము. పెన్నేరు గారి మాట ప్రకారం ఈసారి సినిమా ముందు, ఆల్బమ్ తరువాత. పెద్దాయన కూడా అట్లాగే కోరారు. ఆ కొండలను తాను చూడాలన్నారు. పెన్నేరు గారూ, కడప నుంచి కర్నూలుకు 200 కిలోమీటర్ల ప్రయాణమని తెలుసు. అయినా మీరు రాగలిగితే మాకు చాలా సంతోషం. సినిమా, ఆల్బమ్ రెండూ పూర్తయ్యేసరికి పొద్దుపోతుంది కాబట్టి ఆ రాత్రికి మా ఇంటనే ఉండి, తెల్లవారి బస్సుకు వెళ్ళవచ్చు. చెక్కభజన గారు, టేపురికార్డరు గారు కూడా వస్తే పరుపులు గోడ నుంచి దించి పరుస్తాము.